అత్తారింటిని తిన్న కొయ్యజెల్ల

ఒకప్పుడు కొయ్యజెల్ల కొయ్య తినేది కాదు. అసలు దానికి కొయ్యజెల్ల అన్న పేరే లేదు. వట్టి జెల్ల. వేలెడంత ఒళ్లు, ఒంటినిండా పసుపు చారలు, మూతికి మీసాలు. మిగతా జెల్లల్లాగే నాచు తినేది, పాకుడు నాకేది, పట్టపగలు నడి ఏట్లో దర్జాగా తిరిగేది. కొయ్య తినేది చెదపురుగు. ఏ జెల్లనైనా పట్టుకుని "నువ్వు కొయ్య తింటావా" అని అడిగితే, ఆ జెల్ల మళ్లీ వాళ్ల గడప తొక్కేది కాదు.

ఇప్పుడు చూడండి. ఈ చేపని అద్దాల తొట్టిలో పెంచుకునేవాళ్లు ముందు ఒక కొయ్యముక్క వెతికి తెచ్చి నీళ్లలో వెయ్యాలి. వెయ్యకపోతే అది చిక్కిపోతుంది. ఎందుకలా అంటే, పళ్లు దురదపెట్టి కొరుకుతుందని కొందరు చెబుతారు. వాళ్లకి తెలియదు. తెలియనివాళ్లు ఊరుకోవచ్చు కదా, ఊరుకోరు. జరిగింది ఇదీ.

అడవి నడుమ ఒక ఏరు ఉండేది. ఏటికి పేరు లేదు, పేర్లు పెట్టే మనుషులు అప్పటికింకా ఆ ఒడ్డుకి దిగలేదు. ఆ ఏట్లో రెండు బండరాళ్ల మధ్య ఒక పెద్ద మద్ది దుంగ ఇరుక్కుని ఉండేది. దుంగ లోపల డొల్ల. ఆ డొల్లలో పేరంటాలు అనే ముసలి జెల్ల కాపురం.

పేరంటాలు ఇల్లంటే ఏటికంతటికీ తెలుసు. పొద్దున్నే లేచి తోకతో దుంగని ఈ చివరినుంచి ఆ చివరిదాకా తోమేది. పొరపాటున ఒక నత్త గోడ మీద పాకిందంటే, ఆ చార చెరిగేదాకా నత్తల వంశాన్నంతా దులిపేది. తోమించుకుని తోమించుకుని దుంగకే విసుగు పుట్టింది.

"నేను కొయ్యని తల్లీ, కంచు చెంబుని కాదు" అనేది దుంగ.

పేరంటాలు వినేది కాదు. అందులోనే వాళ్లమ్మ పుట్టింది, వాళ్ల అమ్మమ్మ పుట్టింది. గోడ మీద గీత పడితే ఆవిడకి తన ఒంటి మీద పడినట్టే.

ఆవిడకి ఇంకో గుణం ఉంది. మాటంటే మాటే. పొద్దున వస్తానన్నవాళ్లు మధ్యాహ్నం వస్తే, ఆవిడ లెక్కలో వాళ్లు రానట్టే. ఎవరేమన్నారో, ఎక్కడన్నారో, మూతి ఏ వైపు తిప్పి అన్నారో, అన్నీ గుర్తు పెట్టుకునేది.

పేరంటాలుకి ఒక్కతే కూతురు, నూకాలు. ఎగువన రాళ్ల మడుగులో ఉండే బుల్లియ్యకి ఇచ్చి పెళ్లి చేసింది. పెళ్లి బాగానే జరిగింది. భోజనాల దగ్గరే తేడా వచ్చింది. పెళ్లికొడుకు మేనత్త పాకుడు పులుసు నోట్లో వేసుకుని, ఉప్పు లేదంది. మంచినీళ్ల ఏట్లో ఉప్పెక్కడ దొరుకుతుంది? అయినా అంది. నలుగురూ వినేలా అంది. పేరంటాలు ఆ పూట నవ్వి ఊరుకుంది. ఊరుకుందంటే మరిచిపోయిందని కాదు.

పెళ్లయ్యాక బుల్లియ్య మనుగుడుపులకి వచ్చాడు. మనుగుడుపులంటే, కొత్త అల్లుడు అత్తారింట్లో కొన్నాళ్లుండి, పెట్టింది కడుపారా తిని, పెళ్లాన్ని వెంటబెట్టుకుని వెళ్లడం. కొండల మీద వానలు మొదలయ్యేలోగా ఇద్దరూ ఎగువకి ఈదిపోవాలని అనుకున్నారు.

ఆ రోజుల్లో అత్త అల్లుడికి ఎదురుపడేది కాదు. నోరెత్తి పలకరించేది అసలే కాదు. ఏం చెప్పాలన్నా చాటునుంచి కూతురికి చెబితే, కూతురు వెళ్లి మొగుడికి చెప్పాలి. పేరంటాలు పద్ధతి తప్పే మనిషి కాదు. దుంగకి ఒక పక్క బెరడు కాస్త లేచి తలుపులా ఉంటే, ఆ బెరడు చాటున నిలబడింది.

మొదటి రోజు భోజనానికి తామరాకు పరిచారు. నాచు పచ్చడి, తామరతూడు కూర, పాకుడు పులుసు. నీళ్లలో పొయ్యి ఎలా రాజేశారని అడక్కండి. పెట్టింది తినాలి గాని వంటింటి సంగతులు అడక్కూడదు.

బుల్లియ్యకి ఆకలి దంచేస్తోంది. రాళ్ల మడుగు పిల్లాడు, అంత పచ్చడి ఒక్కచోట ఎప్పుడూ చూడలేదు. కాని బయల్దేరేముందు వాళ్లమ్మ బుద్ధులు చెప్పి పంపింది. అత్తారింట్లో ఆబగా తినకు నాయనా, మొదటిసారి వడ్డిస్తే చాలు అను, రెండోసారి వద్దను, మూడోసారి వాళ్లే బలవంతం చేస్తారు, అప్పుడు తిను, పరువుగా ఉంటుంది అని.

బుల్లియ్య మంచివాడు. తల్లి మాట దాటడు. రవ్వంత పచ్చడి నోట్లో వేసుకుని, మీసాలు తుడుచుకుని, "చాలు" అన్నాడు. అని, రెండోసారి ఎప్పుడు అడుగుతారా అని ఎదురు చూస్తూ కూర్చున్నాడు.

బెరడు చాటునుంచి పేరంటాలు విన్నది. చాలన్నాడు. మాటంటే మాటే. పైగా వాళ్ల మేనత్త అన్న మాట ఇంకా చెవిలో గింగురుమంటూనే ఉంది. మా వంట వీళ్లకి రుచించదు కాబోలు అనుకుంది.

"నూకాలూ, చాలంటున్నారుగా. ఆకు తీసెయ్" అంది.

నూకాలు ఆకు తీసేసింది.

బుల్లియ్య ఆకు వెళ్లిన వైపు చూశాడు. పులుసు వెళ్లిపోయింది. కూర వెళ్లిపోయింది. కాసేపు అతనికి ఏమీ అర్థం కాలేదు. అర్థమయ్యాక ఒక్కసారిగా రోషం ముంచుకొచ్చింది. కొత్త అల్లుణ్ణి ఇంకొంచెం తినమని అడగని అత్త ఈ ఏట్లో ఎక్కడైనా ఉందా? లేచి, ఇంటి గోడకేసి తిరిగి, మూతి బిగించి దుంగకి ఆనించేశాడు. అలక.

అలిగినవాళ్లు గోడకేసి తిరుగుతారని మీకూ తెలుసు. మీరూ చేసే ఉంటారు. కాని బుల్లియ్య అలక మామూలు అలక కాదు. మూతి ఎంత గట్టిగా ఆనించాడంటే, పెదాలు వెడల్పయి గిన్నెలా దుంగకి అతుక్కుపోయాయి. నూకాలు తోక పట్టి లాగితే తోక సాగింది గాని మూతి ఊడలేదు.

నూకాలు తల్లి దగ్గరికెళ్లి, ఆయన మొహమాటానికి చాలన్నారు, ఇంకోసారి అడిగితే తింటారు, అడగమని చెప్పింది.

"చాలన్నవాణ్ణి మళ్లీ అడిగానంటే, వాడు అబద్ధమాడాడని నేను ఒప్పుకున్నట్టే. మా ఇంటి అల్లుడు అబద్ధమాడతాడా?" అంది పేరంటాలు.

నూకాలు వెళ్లి మళ్లీ మొగుడి తోక పట్టి లాగింది. తోక ఇంకొంచెం సాగింది.

పేరంటాలుకి అల్లుడి మీద ప్రేమ లేదని మాత్రం అనుకోకండి. మర్నాటినుంచి బెరడు చాటునుంచే తోసి, అతను అతుక్కున్నచోటుకి అందేలా తిండి పెట్టేది. లేత నాచు ఏరి పెట్టింది. తామరతూడు పీచు తీసి పెట్టింది. ఒడ్డున తీగనుంచి రాలిన దోసకాయ నీళ్లలో పడితే, దాన్ని దొర్లించుకుంటూ వచ్చి, గింజ తీసి, ముక్క చేసి మరీ పెట్టింది. పెట్టేది గాని, తినమని అనేది కాదు. అతను వాసన పీల్చేవాడు గాని, అనకుండా తినేవాడు కాదు. ఇద్దరి మధ్యా ఆ తిండంతా రొయ్యల పాలైంది. ఆ ఏట్లో రొయ్యలు అంత ఒళ్లు చేసింది అప్పుడే.

నూకాలుకి ప్రాణం విసిగింది. ఇటు మాట అటు, అటు మౌనం ఇటు మొయ్యలేక మొప్పలు అరిగిపోతున్నాయని, ఇంకెవరినైనా పెట్టుకోమని తల్లికి చెప్పేసింది.

పేరంటాలు గంగులు అనే ఎండ్రకాయని రాయబారం పంపింది. గంగులు పెద్దమనిషి. అలిగినవాళ్లకి నచ్చజెప్పడంలో తనంతటివాడు లేడని తనే చెప్పుకునేవాడు. అడ్డంగా నడుచుకుంటూ వెళ్లి బుల్లియ్య పక్కన కూర్చుని, ఆకలి ఎంత చెడ్డదో చెప్పాడు, దోసకాయ ఎంత చలవో చెప్పాడు, చెబుతూ చెబుతూ ముక్క రుచి చూశాడు. రుచి ఎలా ఉందో చెప్పాలంటే ఇంకో ముక్క తినాలి. మాట పూర్తయ్యేసరికి దోసకాయ పూర్తయింది. వచ్చి, అల్లుడు మొండివాడు, మధ్యవర్తిత్వానికి లొంగడు అని పేరంటాలుకి చెప్పి, పళ్లు కుట్టుకుంటూ వెళ్లిపోయాడు.

అప్పుడు ఏరు మాట్లాడింది.

ఏరు ఊరికే మాట్లాడదు. మాట్లాడితే పని ఉండే మాట్లాడుతుంది. కొండల మీద వాన అందుకుందని, ఎర్రనీరు బయల్దేరిందని, ఎవరి పిల్లల్ని వాళ్లు చూసుకోమని చెప్పింది. పేరంటాలు నాలుగు రోజులు ఆగమని అడిగింది.

"నా చేతిలో ఏముంది పేరంటాలూ, కొండ పోసినంత నేను మొయ్యాలి" అంది ఏరు.

పేరంటాలు బెరడు పక్కకి జరిపి మొదటిసారి అల్లుణ్ణి సరిగ్గా చూసింది. పొట్ట లోపలికి పీక్కుపోయింది. కళ్లు గుంటలు పడ్డాయి. పసుపు చారలు వెలిసిపోయి బూడిద రంగుకొచ్చాయి. చేపని చూసేవాళ్లు ముందు పొట్ట చూడాలి, తర్వాత కన్ను చూడాలి. రెండూ లోపలికి పోయాయంటే ఆ చేప ఎక్కువ రోజులు ఉండదు. పేరంటాలుకి ఆ మాత్రం తెలుసు.

తిండి లేని జెల్ల ఎర్రనీటికి నిలవలేదు. కొట్టుకుపోతే తిన్నగా సముద్రంలోకే. ఉప్పునీళ్లలో ఏటి చేప బతకదు. బుల్లియ్య పోతే నూకాలు ఊరుకుంటుందా? వెంట పోతుంది. అల్లుడు పోతాడు, కూతురు పోతుంది, తోమిన ఇల్లు మాత్రం తళతళలాడుతూ ఉంటుంది.

సరే, అడిగేద్దాం అనుకుంది. రెండు మాటలేగా, ఇంకొంచెం తిను అని. బెరడు చాటున నిలబడి గొంతు సవరించుకుంది. మాట గొంతుదాకా వచ్చింది. అక్కడ ఉప్పు లేని పులుసు గుర్తొచ్చింది. మాట వెనక్కి వెళ్లిపోయింది. మళ్లీ సవరించుకుంది. మళ్లీ మేనత్త మొహం కళ్లముందుకొచ్చింది. దుంగ చూసి చూసి, జలుబు చేసిందా తల్లీ అని అడిగింది.

చివరికి, నూకాలూ నువ్వే వెళ్లి నేనన్నానని చెప్పవే అని కూతుర్ని బతిమాలింది. నూకాలు చెప్పనంది. ఆయన అలిగింది నా మీద కాదు, నువ్వే అడుగు అంది.

తల్లీకూతుళ్లు ఆ వాదులాటలో ఉండగానే ఎర్రనీరు వచ్చిపడింది.

వచ్చిందంటే అలా ఇలా కాదు. ముందు చప్పుడు, వెనకాల మట్టి, ఆ వెనకాల చెట్లూ పుట్టలూ. నాచు ఊడిపోయింది. తామరతూళ్లు వేళ్లతో సహా లేచిపోయాయి. పళ్లు కుట్టుకుంటున్న గంగులు బొరియ మూసుకోబోయి, తలుపుతో సహా మలుపు దాటిపోయాడు. రెండు రాళ్ల మధ్య ఇరుక్కున్న దుంగ మాత్రం మూలిగింది గాని కదల్లేదు.

పేరంటాలు రెక్కల్లో ముళ్లు ఉన్నాయి, ముసలి జెల్ల ముళ్లు. వాటిని విప్పి దుంగ పగులులో బిగించి నిలబడింది. నూకాలు ముళ్లు ఇంకా లేతవి, బిగియలేదు. వరద ఆమెని ఎత్తి విసిరింది. వెళుతూ వెళుతూ మొగుడి తోకని నోటితో కరిచి పట్టుకుంది.

బుల్లియ్య మూతి దుంగకి ఉంది. అలక మూతి. ఇప్పుడు ఇద్దరి ప్రాణాలూ ఆ మూతి మీదే వేలాడుతున్నాయి.

కాసేపు పట్టు నిలిచింది. ఆ తర్వాత పేరంటాలు చూస్తూ ఉండగానే పెదవి ఒక అంచున లేచింది. తిని ఎన్నాళ్లో అయిన ఒళ్లు. పట్టుకి బలం ఎక్కడినుంచి వస్తుంది? పెదవి రెండో అంచు కూడా వణుకుతోంది.

నూకాలు చేత చెప్పిద్దామంటే నూకాలు నోట్లో తోక ఉంది. గంగులు లేడు. పెడదామంటే నాచు లేదు, తూడు లేదు, దోసముక్క లేదు. ఆ ఏట్లో మిగిలిన తిండి ఏదీ లేదు. ఉన్నది ఒక్కటే, అల్లుడి మూతి కింద ఉన్న గోడ. వాళ్లమ్మ పుట్టిన గోడ, నత్తని కూడా పాకనివ్వని గోడ.

పేరంటాలు ఒక్కో పగులులో ముళ్లు గుచ్చుకుంటూ బెరడు చాటునుంచి బయటికొచ్చింది. అల్లుడి మొహంలోకి మొహం పెట్టి చూసింది.

"తినండి బాబూ" అంది.

బుల్లియ్య కళ్లు తిప్పాడు. ఏం తినాలన్నట్టు చూశాడు.

"ఇల్లు తినండి. మీ మూతి కింద ఉన్నదే. మెత్తగా నాని ఉంది, గీకండి."

బుల్లియ్యకి సిగ్గేసింది. కొయ్య తినడమా, చెదపురుగులాగా? అందులోనూ అత్తారిల్లు. వద్దని చెప్పాలి. కాని వద్దని చెప్పాలంటే నోరు తెరవాలి. నోరు తెరిస్తే సముద్రం.

అతను తటపటాయించడం పేరంటాలు చూసింది. పిల్లని కన్న కడుపు, ఇంక మర్యాదలు ఆగలేదు.

"తినరా నా తండ్రీ. తిను. మొహమాటం మాని తిను" అంది.

అప్పుడు దుంగ కూడా గొంతు కలిపింది. తిననీ తల్లీ, నీ తోముడు కంటే వాడి కొరుకుడే నయం అంది.

బుల్లియ్య గీకాడు. ఒక పొర వచ్చింది. నమిలాడు. నిజం చెప్పాలంటే బాగానే ఉంది. ఇంకో పొర గీకాడు. మింగింది మింగినట్టు ఒంటికి పట్టింది. లేచిన పెదవి అంచు మళ్లీ గోడకి ఆనింది. గీకినచోట చిన్న గుంట పడి, పెదవి అందులో ఇంకా బిగువుగా కూర్చుంది.

పేరంటాలు వదల్లేదు. వరద పోటెత్తినంతసేపూ పక్కనే ఉండి, ఇంకొంచెం తిను నాన్నా, ఇదిగో ఈ పక్క ఇంకా మెత్తగా ఉంది, అది మా అమ్మమ్మ గది, అక్కడైతే బాగా నానింది, మొహమాటపడకు, ఇంకొక్క ముక్క అని చెబుతూనే ఉంది. జన్మలో ఎవరినీ రెండోసారి అడగని మనిషి. గొంతు రాసుకుపోయింది గాని ఆపలేదు. అతనికి చాలని చెప్పే వీల్లేదు. తింటూనే ఉన్నాడు. వెనకనుంచి రంపపు పొట్టులా పొట్టు రాలుతూనే ఉంది. తోక పట్టుకున్న నూకాలు మొహం నిండా అదే పొట్టు. పాపం, ఆ పిల్ల ఏమీ అనలేదు. అనడానికి నోరు ఖాళీ లేదు.

వరద తీసింది. నీళ్లు తేటపడ్డాయి. చూస్తే దుంగలో పడమటి గోడ లేదు. అమ్మమ్మ గది అసలే లేదు. బుల్లియ్య పొట్ట మాత్రం గుండ్రంగా బూరెలా ఉంది. చారలు మళ్లీ పసుపు పచ్చగా మెరుస్తున్నాయి.

నూకాలు తోక వదిలి, మొహం కడుక్కుని, ఇద్దరినీ ఒకసారి చూసి, నవ్వాలో ఏడవాలో తెలియక రెండూ చేసింది.

బుల్లియ్య చాలా రోజులకి గోడనుంచి మూతి తీశాడు. అత్తకి వంగి దణ్ణం పెట్టాడు. పొట్ట అడ్డొచ్చింది, అయినా పెట్టాడు.

"చాలు అత్తయ్యా. కడుపు నిండిపోయింది" అన్నాడు. ఈసారి నిజంగానే అన్నాడు.

పేరంటాలు అతన్ని ఎగాదిగా చూసింది.

"చాలని నాకు ఇంతకుముందు కూడా చెప్పావు. ఆ మాట నమ్మి పిల్లని పోగొట్టుకోబోయాను. ఇంక నీ నోట ఆ మాట వినను. తిను" అంది.

చెప్పాను కదా, ఆవిడ మరిచిపోయే మనిషి కాదని. ఆ రోజునుంచి అల్లుడు కంటబడితే చాలు, కొయ్య ముక్క చూపించి కూర్చోబెట్టేది. ఈదుతుంటే పిలిచి పెట్టేది. నిద్రపోతుంటే లేపి పెట్టేది. పాపం బుల్లియ్య, పెళ్లాంతో ఎగువకి పోయాక అక్కడికీ వచ్చి పెట్టేది. వచ్చేటప్పుడు నోట కరుచుకుని ఇంటి ముక్క ఒకటి తెచ్చేది. ఆవిడ చూపు తప్పించుకోవడానికి అతను పగలంతా వరద తెచ్చిన ఏదో ఒక దుంగ కింద చీకట్లో దూరి, కదలకుండా పడుకోవడం నేర్చుకున్నాడు. ఆవిడ కునుకు తీశాక బయటికొచ్చి, తన ఇష్టం వచ్చినంత, తనకి నచ్చినచోట నింపాదిగా గీక్కు తినేవాడు. కొయ్య అలవాటైపోయింది మరి. పిల్లలు పుడితే వాళ్లకీ అదే మూతి వచ్చింది, అదే తిండి వచ్చింది.

అందుకని, ఎవరింట్లోనైనా అద్దాల తొట్టిలో ఈ చేప ఉంటే, దానికి బాగా నానిన కొయ్యముక్క ఒకటి వెయ్యాలి. ఆకూ దోసముక్కా పెడితే వద్దనదు గాని, కొయ్య లేకపోతే దానికి కడుపు నిండదు. అప్పుడప్పుడూ పొట్ట చూడాలి, కన్ను చూడాలి. తొట్టి అడుగున పొట్టు పేరుకుందని విసుక్కోకూడదు, ఎత్తి పారబోసుకోవాలి. పగలు కనబడలేదని కొయ్య ఎత్తి చూడకూడదు. ఎత్తితే, అత్తగారు వచ్చిందనుకుని బెదిరిపోతుంది.

అప్పటినుంచే కొయ్యజెల్ల మూతి గిన్నెలా కిందికి తిరిగి ఉంటుంది. అప్పటినుంచే అది పగలు దాక్కుంటుంది, చీకటిపడ్డాక కొయ్యకి మూతి అతికించి గీక్కు తింటుంది, ఎంత తిన్నా చాలు అనదు.